ఏఐ భయంతో రేడియాలజీ వదులుకోవాలా?

ప్రశ్న: మా అమ్మాయి నల్లగొండ ప్రభుత్వ మెడికల్ కాలేజీలో హౌస్ సర్జన్. పీజీలో రేడియాలజీ చేస్తానంటోంది. ‘ఏఐ వచ్చాక స్కానింగ్ డాక్టర్లకు పనుండదు, జనరల్ మెడిసిన్ తీసుకో’ అని బంధువులు టెన్షన్ పెడుతున్నారు. ఏం చేయమంటారు?
– ఒక తండ్రి, మిర్యాలగూడ

జవాబు: ఈ మాట మీ బంధువుల కంటే ముందు ఏఐ పరిశోధనలో దిగ్గజమే అన్నారు. ఇక రేడియాలజిస్టులను తయారుచేయడం ఆపేయాలని, ఐదేళ్లలో యంత్రమే మెరుగ్గా చూస్తుందని 2016లో జెఫ్రీ హింటన్ చెప్పారు. పిల్లల్లో ఆ భయం బాగానే నాటుకుంది. 2020లో వెలువడిన బ్రిటన్ సర్వేలో దాదాపు సగం మంది వైద్య విద్యార్థులు ఏఐ వల్ల రేడియాలజీ మీద ఆసక్తి తగ్గిందన్నారు. ఆ ఐదేళ్లు ఎప్పుడో దాటాయి. మన నీట్ పీజీ కౌన్సెలింగ్‌లో మంచి ర్యాంకర్లు ముందుగా పెట్టుకునే బ్రాంచిల్లో రేడియాలజీ ఇప్పటికీ ఉంది.

అలాగని ఏఐని తీసిపారేయకండి. ఛాతీ ఎక్స్‌రేలో టీబీ జాడ పట్టే సాఫ్ట్‌వేర్‌ను స్క్రీనింగ్‌కు వాడొచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లోనే చెప్పింది. స్వీడన్‌లో రొమ్ము క్యాన్సర్ కోసం తీసే ఎక్స్‌రేలైన మామోగ్రామ్‌ల మీద చేసిన ట్రయల్‌లో ఏఐ తోడుతో డాక్టర్లు ఫిల్ములు చూసే పని 44 శాతం తగ్గిందని 2023లో తేలింది. నార్మల్ ఫిల్ములకు రిపోర్టులు రాసుకుంటూ బతికేద్దాం అనుకునేవాళ్లకు మాత్రం కష్టకాలమే.

కానీ మన జిల్లాల్లో ఈ డాక్టర్ల పొద్దు ఎక్కువగా గడిచేది అల్ట్రాసౌండ్ దగ్గర. అక్కడ ముందే తీసిపెట్టిన బొమ్మ ఉండదు. కడుపునొప్పితో వచ్చిన పిల్లాడికి గ్యాస్ అడ్డొస్తే పక్కకు తిప్పి, ప్రోబ్ (ఒంటి మీద ఆనించే స్కానింగ్ పరికరం) మెల్లగా నొక్కి, ‘ఇక్కడ నొస్తుందా బిడ్డా’ అని మొహం చూస్తూ అపెండిక్స్ వెతకాలి. ఇక గర్భిణి స్కానింగ్ అంటే, కడుపులో బిడ్డ ఆడో మగో చెప్పడాన్ని నిషేధించే పీసీపీఎన్‌డీటీ చట్టం ప్రకారం అర్హత ఉన్న డాక్టరే చేయాలి, ఫారం-ఎఫ్ నింపాలి. ఎక్స్‌రే విషయానికొచ్చినా అంతే. మర్రిగూడ వైపు నుంచి ఒక పెద్దాయన చేయి విరిగిందేమోనని వస్తాడు. ముంజేతి రెండు ఎముకల మధ్య పొరలో సున్నం పేరుకుని ఉంటే, ఈ నేల తెలిసిన డాక్టరుకు వెంటనే ఫ్లోరైడ్ నీళ్లతో వచ్చే ఎముకల జబ్బు ఫ్లోరోసిస్ గుర్తొస్తుంది. విరిగిందా లేదా అని చెప్పడమే నేర్చిన సాఫ్ట్‌వేర్ ఆ ఒక్క జవాబుతో ఆగిపోతుంది.

అందుకే అమ్మాయిని ఒక్కటే అడగండి: పేషెంటు మీద ప్రోబ్ పెట్టడం, సర్జన్‌తో కేసు గురించి వాదించడం ఇష్టమేనా? తెలియదంటే ఇప్పుడే కొన్ని రోజులు తన ఆస్పత్రి స్కానింగ్ గదిలో కూర్చోమనండి. ఇష్టమేనంటే ధైర్యంగా రాయించండి. ఆ మూడేళ్ల ఎండీలోనే ఏఐ టూల్ ఎక్కడ తప్పు చెబుతుందో పట్టుకోవడం కూడా నేర్చుకోవాలి.

నన్ను నిజంగా కలవరపెట్టేది ఏఐ కాదు, మేనేజ్‌మెంట్ కోటా ఫీజు. ర్యాంకుతో కన్వీనర్ కోటాలో సీటొస్తే సంతోషం. రాకపోతే ఈ బ్రాంచి కోసం పొలం అమ్మకండి. ఇంకోసారి పరీక్ష రాయనివ్వండి.