స్ట్రోక్ పరిశోధనకు ఫార్మకాగ్నసీనా, ఫార్మకాలజీనా?

ప్రశ్న: ఫార్మసీ డిగ్రీ చివరి ఏడాదిలో ఉన్నాను. బ్రెయిన్ స్ట్రోక్ తర్వాత మెదడును కాపాడే మొక్కల రసాయనాలపై పరిశోధన చేయాలని ఉంది. పీజీలో ఏ విభాగం తీసుకోవాలి? పసుపులోని కర్క్యుమిన్‌ను ప్రాజెక్టుగా ఎంచుకోవచ్చా?

జవాబు: మొక్క నుంచి పదార్థాన్ని వేరుచేసి, శుద్ధిచేసి, దాని నిర్మాణం తేల్చడం ఇష్టమైతే ఫార్మకాగ్నసీ. అది మెదడులో ఏం చేస్తుందో చూడాలనుంటే ఫార్మకాలజీ. మీరు రాసిన తీరు చూస్తే రెండోదే మీకు తగినది.

ఈ రంగంలో కొరత మొక్కలకు కాదు, నమ్మదగ్గ ప్రయోగాలకు. ఎలుకల్లో అద్భుతంగా పనిచేసినవి మనుషుల దగ్గరికి వచ్చేసరికి తేలిపోయాయి. ఎన్‌ఎక్స్‌వై-059 అనే కృత్రిమ మందు 2006లో ఆశ పుట్టించి, 2007లో మరింత పెద్ద ట్రయల్‌లో విఫలమైంది. చాలా ప్రయోగాల్లో స్ట్రోక్ తెప్పించేందుకు ఎలుక రక్తనాళం మూయకముందే మందు ఇచ్చేస్తారు. అది నివారణే తప్ప చికిత్స కాదు. గడ్డ కరిగించే ఆల్టెప్లేజ్‌కే నాలుగున్నర గంటల గడువు ఉంది, రోగులు చాలామంది ఆ లోపు ఆసుపత్రికే చేరరు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడాన్ని సామెత వెక్కిరిస్తుంది గానీ, ఇక్కడ మీ ఆకు నెగ్గాల్సిన పరీక్ష అదే.

ల్యాబ్‌లో మీరు ముందు నేర్చుకునేది ఎలుక మెడలోని కెరోటిడ్ ధమని గుండా సన్నని నైలాన్ దారం పంపి, మెదడుకు వెళ్లే మిడిల్ సెరిబ్రల్ ఆర్టరీని మూయడం. గంట, రెండు గంటల తర్వాత దారం తీసేస్తారు. 24 గంటలకు మెదడును 2 మిల్లీమీటర్ల ముక్కలుగా కోసి టీటీసీ రంగులో ఉంచితే బతికిన భాగం ఎర్రగా, చచ్చిన భాగం తెల్లగా కనిపిస్తుంది. దారం ఎక్కువ దూరం పోతే నాళం చిరిగి రక్తస్రావం అవుతుంది. తక్కువ పోతే నాళం మూసుకోదు, అది మందు మహిమలా కనిపిస్తుంది! అందుకే లేజర్ డాప్లర్‌తో రక్తప్రవాహం పడిపోయిందో లేదో చూడాలి. మత్తులో ఎలుక శరీరం చల్లబడుతుంది. చలి స్వయంగా మెదడును కాపాడుతుంది కాబట్టి హీటింగ్ ప్యాడ్‌తో ఉష్ణోగ్రతను 37 డిగ్రీల దగ్గర నిలపాలి.

కర్క్యుమిన్ మొదటి ప్రాజెక్టుకు మంచిది కాదు. నీటిలో కరగదు, రక్తంలోకి సరిగా చేరదు, ఎన్నో ప్రోటీన్లతో అంటుకుని తప్పుడు ఫలితాలిస్తుంది. క్వెర్సెటిన్ లాంటి పాలీఫినాల్స్‌తో (మొక్కల్లో ఉండే ఒక తరహా రసాయనాలు) ఇంకో చిక్కు: కణాలు చచ్చినా, బతికున్న కణాలను గుర్తించడానికి వాడే ఎంటీటీ రంగును అవి తామే మార్చేసి, కణాలు బతికున్నట్టు చూపిస్తాయి. దెబ్బతిన్న కణాల నుంచి బయటికి కారే ఎంజైమ్‌ను కొలిచే ఎల్‌డీహెచ్ పరీక్ష కూడా జోడించండి. సెలెరీ గింజల్లో దొరికిన బ్యూటిల్‌థాలైడ్ గురించి చదవండి. చైనాలో 2002లోనే స్ట్రోక్‌కు అనుమతి పొందింది. ఇప్పుడు దాన్ని కృత్రిమంగానే తయారుచేస్తున్నారు.

గైడ్‌ను ఎంచుకునే ముందు మూడు విషయాలు అడగండి. ఏ ఎలుకకు మందు, ఏదానికి ఉత్త ద్రావణం అన్నది లాటరీ పద్ధతిలో తేలుస్తారా? మెదడు ముక్కలు కొలిచేవారికి ఆ సంగతి తెలియకుండా ఉంచుతారా? చనిపోయిన ఎలుకల లెక్క రాస్తారా? నీళ్లు నమిలితే వేరే ల్యాబ్ చూసుకోండి.

జంతువులపై పని మీకు పడకపోతే ఎల్‌సీఎంఎస్ (నమూనాలో మందు ఎంత ఉందో కొలిచే యంత్ర పద్ధతి) నేర్చుకోండి. మందు మెదడులోకి ఎంత చేరిందో కొలిచేవాళ్లు ప్రతి బృందానికీ కావాలి. మందుల కంపెనీల బయోఅనలిటికల్ విభాగాల్లోనూ అదే నైపుణ్యం పనికొస్తుంది.