సెమిస్టరుకో కొత్త సబ్జెక్టు, చేతికందని పరిశోధన

ప్రశ్న: గుంటూరు దగ్గరి ఒక ఇంజనీరింగ్ కళాశాలలో కంప్యూటర్ సైన్స్ అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా చేరి రెండేళ్లయింది. ప్రతి సెమిస్టరుకూ కొత్త సబ్జెక్టు ఇస్తున్నారు. ల్యాబులు, అక్రెడిటేషన్ (కళాశాల గుర్తింపు) ఫైళ్లు ముగిసేసరికి పార్ట్‌టైమ్ పీహెచ్‌డీకి సమయం మిగలడం లేదు. డబ్బు కడితే నెలలోపే పేపరు వేస్తామని మెయిళ్లు వస్తున్నాయి. వృత్తిలో ఎదగాలంటే ముందుగా ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: ఆ మెయిళ్ల జోలికి వెళ్లకండి. నమ్మదగిన పరిశోధన పత్రికలతో యూజీసీ ఇస్తూ వచ్చిన కేర్ జాబితాను 2025లో నిలిపివేశాక, ఏది మంచి పత్రికో తేల్చుకోవలసిన బాధ్యత కళాశాలల మీద, మీవంటి పరిశోధకుల మీద పడింది. ఒక పత్రికలో వచ్చిన పేపర్లు రెండు మూడు పూర్తిగా చదివితే, వాటిని సమీక్షకులు నిజంగా చూశారో లేదో చాలావరకు మీకే తెలిసిపోతుంది. కంప్యూటర్ సైన్స్‌లో మేలైన పరిశోధన ఎక్కువగా సదస్సుల్లోనే వెలువడుతుందన్న సంగతినీ గుర్తుంచుకోండి.

అయితే మీ అసలు ఇబ్బంది సెమిస్టరుకొక కొత్త సబ్జెక్టు చెప్పవలసి రావడమేనని నాకనిపిస్తోంది. ఒకే సబ్జెక్టును వరుసగా చెప్పేవారికి నోట్సు తయారీ భారం తగ్గడమే కాక, విద్యార్థులు ఎక్కడ తడబడుతున్నారో స్పష్టంగా కనబడుతుంది. సీ భాష ల్యాబులో ప్రోగ్రాము 'సెగ్మెంటేషన్ ఫాల్ట్' (అనుమతి లేని మెమరీని తాకడం) అని ఆగిపోయినప్పుడు, తప్పు ఏ లైనులో ఉందో ఆ సందేశం చెప్పదు. మెమరీ అడ్రసును దాచుకునే పాయింటరుకు ఆ అడ్రసు ఇవ్వకుండానే అందులో విలువ వేశానని గ్రహించలేని విద్యార్థి, పక్కవారి ప్రోగ్రామును రికార్డులోకి ఎక్కించేసి ఊరుకుంటాడు. తెలుగు మాధ్యమం నుంచి వచ్చినవారు ఇటువంటి సందేశాలను ఎలా అర్థం చేసుకుంటున్నారో ఓపికగా నమోదు చేయండి. మీ పీహెచ్‌డీ అంశం వేరైనా, తొలి పేపరుకు అది మంచి సమస్య; కంప్యూటింగ్ బోధన మీద జరిగే ఏసీఎం ఇండియా (కంప్యూటర్ నిపుణుల సంఘం) వారి కంప్యూట్ సదస్సు దానికి తగిన వేదిక.

విషయంలో పట్టు కోసం ఐఐటీల ఆన్‌లైన్ పాఠాల వేదిక ఎన్‌పీటెల్‌లో 12 వారాల కోర్సు ఒక్కటి అసైన్‌మెంట్లతో సహా పూర్తి చేయండి. ఐదు రోజుల ఎఫ్‌డీపీ (అధ్యాపకుల శిక్షణ) సర్టిఫికెట్లు పోగుచేయడం కంటే అది ఎంతో మేలు. మీకు గురి ఉన్న సీనియర్‌ను ఒక తరగతిలో వెనుక బెంచీలో కూర్చోమని కోరి, పిల్లలు ఎక్కడ వినడం మానేశారో చెప్పమనండి.

సబ్జెక్టు విషయం మాత్రం హెచ్‌ఓడీ (విభాగాధిపతి) గారితో, వచ్చే సెమిస్టరు వర్క్‌లోడు పంచకముందే మాట్లాడండి. ఇప్పుడు చెబుతున్న సబ్జెక్టునే మరో రెండేళ్లు ఇవ్వమని రాతపూర్వకంగా అడిగి, దానికి మీరు తయారు చేసిన ల్యాబు ప్రశ్నలను కూడా జతచేయండి. టైంటేబుల్ వేసేశాక అడిగితే మార్చడం వారికీ కష్టమే.