మా శాంసంగ్ ట్యాబ్ ఏ8ను టైప్-సి టు హెచ్‌డీఎంఐ కేబుల్‌తో టీవీకి కలిపితే 'నో సిగ్నల్' అని వస్తోంది, వేరే కేబుల్ కొనాలా?

వద్దు, కొనకండి. మీది శాంసంగ్ ట్యాబ్ ఏ8 అన్నారు. దానికి ఎంత ఖరీదైన టైప్-సి టు హెచ్‌డీఎంఐ కేబుల్ తగిలించినా టీవీ 'నో సిగ్నల్' అనే అంటుంది. ఆ పోర్టులోంచి ఛార్జింగ్, ఫైళ్లు తప్ప బొమ్మ బయటికి రాదు.

బొమ్మ రావాలంటే ట్యాబ్‌లో 'డిస్‌ప్లేపోర్ట్ ఆల్ట్ మోడ్' ఉండాలి, అంటే టైప్-సి పోర్టులోంచే బొమ్మను బయటికి పంపే ఏర్పాటు. మార్కెట్లో దొరికే ఈ తరహా కేబుళ్లు దాదాపు అన్నీ దాని మీదే ఆధారపడతాయి. ట్యాబ్ పంపే డిస్‌ప్లేపోర్ట్ సిగ్నల్‌ను కేబుల్లోని చిన్న చిప్ హెచ్‌డీఎంఐగా మారుస్తుంది, అంతే. అసలు సిగ్నలే రాకపోతే చిప్ చేసేదేముంది? శాంసంగ్‌లో ట్యాబ్ ఎస్6, ఎస్7, ఎస్8, ఎస్9లలో ఈ సౌకర్యం ఉంది. పేరులో ఎస్ ఉంది కదా అని ఎస్6 లైట్, ఎస్9 ఎఫ్ఈ కొంటే మాత్రం ఉండదు. ఆండ్రాయిడ్ ట్యాబ్ స్పెసిఫికేషన్లలో 'యూఎస్‌బీ 2.0' అని కనిపిస్తే ఆశ వదులుకోవచ్చు. ఐప్యాడ్ లెక్క వేరు: 2022లో వచ్చిన పదో తరం ఐప్యాడ్‌ది యూఎస్‌బీ 2.0 వేగమే అయినా 4కే బొమ్మను 30 హెర్ట్జ్‌లో పంపగలదు.

కేబుల్ పెట్టె మీద '4కే 60 హెర్ట్జ్' అని వేలెడంత అక్షరాలుంటాయి. ఏ ట్యాబులకు పనిచేయదో మాత్రం ఎక్కడా ఉండదు. ట్యాబ్ పెట్టె మీద కెమెరా మెగాపిక్సెళ్లు వేస్తారు గానీ, టీవీకి కలపవచ్చో లేదో ఒక్క ముక్క వేయరు. వీడియో అవుట్ ఉందా లేదా అని ముద్రించడం తప్పనిసరి చేయాలి. ఈ ఒక్క ముక్క లేకే జనం డబ్బు వృథా అవుతోంది.

ఆల్ట్ మోడ్ ఉన్న ట్యాబ్‌లోనూ బొమ్మ రాకపోతే ముందు బ్యాక్ కవర్ తీసి చూడండి. మందపాటి కవర్ అడ్డొచ్చి ప్లగ్ ఒక మిల్లీమీటరు బయటే ఉండిపోతుంది. ఛార్జింగ్ ఎక్కుతుంది, బొమ్మ రాదు. తర్వాత రిమోట్‌లో సోర్స్ నొక్కి, కేబుల్ ఏ పోర్టులో ఉందో అదే హెచ్‌డీఎంఐ నంబరు ఎంచుకోండి. టీవీలోని యూఎస్‌బీ పోర్టుకు కలిపితే బొమ్మ రాదు, అది పెన్‌డ్రైవ్ కోసం.

ఎక్కువమందిని తికమక పెట్టేది ఇంకొకటుంది. హోమ్ స్క్రీన్ టీవీలో చక్కగా కనిపిస్తుంది, ఫొటోలూ వస్తాయి. ఇంటిల్లిపాదీ కూర్చున్నాక ఓటీటీలో సినిమా పెడితే మాటలు వినిపిస్తాయి, తెర మాత్రం నల్లగా ఉంటుంది. ఇది హెచ్‌డీసీపీ అనే కాపీ రక్షణ పని. ట్యాబ్, మధ్యలోని కేబుల్ లేదా అడాప్టర్, టీవీ మూడూ దానికి ఒప్పుకోవాలి. ఒక్కటి కాదన్నా బొమ్మ ఆగిపోతుంది. గ్యాలరీలో మీరే తీసిన వీడియో ఒకటి ఆడించి చూడండి. అది బాగా వస్తే కేబుల్‌కు బొమ్మ పంపడంలో లోటు లేదు, తకరారు హెచ్‌డీసీపీ దగ్గరే. మధ్యలో స్ప్లిటర్ (ఒకే సిగ్నల్‌ను రెండు మూడు టీవీలకు పంచే పెట్టె) ఉంటే ముందు దాన్ని తీసేయండి. అప్పటికీ రాకపోతే హెచ్‌డీసీపీ ఉందని స్పష్టంగా రాసిన అడాప్టర్ తీసుకోండి.

బొమ్మ వచ్చి పోతూ ఉంటే కరెంటు చాలడం లేదేమో చూడండి. పీడీ (పవర్ డెలివరీ) ఛార్జింగ్ పోర్టున్న హబ్, అంటే ఒకే ప్లగ్‌కు చాలా పోర్టులిచ్చే పెట్టె, వాడుతుంటే ముందు ఛార్జర్, తర్వాత హెచ్‌డీఎంఐ, చివర ట్యాబ్ కలపండి. సినిమా మధ్యలో ఛార్జర్ పీకితే తెర ఒకసారి ఆరి వెలగడం మామూలే. అంచులు తెగితే టీవీ పిక్చర్ సెట్టింగ్స్‌లో శాంసంగ్ అయితే 'ఫిట్ టు స్క్రీన్', ఎల్‌జీ అయితే 'జస్ట్ స్కాన్' ఆన్ చేయండి.

ఇక మీ ఏ8 సంగతి. బొమ్మను మామూలు యూఎస్‌బీ డేటాగా అందుకునే డిస్‌ప్లేలింక్ చిప్ ఉన్న అడాప్టర్, దాని 'ప్రెజెంటర్' యాప్ కలిసి పాఠాలు, స్లైడ్లు చూపిస్తాయి గానీ రక్షణ ఉన్న సినిమాలు ఆడవు, పైగా ధర ఎక్కువ. సినిమాలకే అయితే కేబుల్ వాపస్ ఇచ్చేసి, ఆ డబ్బుకు మరికొంత కలిపి టీవీ స్టిక్ (టీవీ హెచ్‌డీఎంఐ పోర్టులో పెట్టి నేరుగా ఓటీటీ చూసే చిన్న పరికరం) కొనండి.