పాత చీరలతో చేతిపని వ్యాపారం: ముడిసరుకు ఊరికే రాదండీ

నమస్తే అండి. మీరు వరంగల్‌లో ఉంటారు, మిషన్ కుట్టడం వచ్చు, పాత చీరలు, టైలర్ల దగ్గర మిగిలే ముక్కలు, ఖాళీ సీసాలు, న్యూస్‌పేపర్లతో ఇంట్లోనే రకరకాల వస్తువులు చేస్తున్నారు, చూసినవాళ్లంతా బాగున్నాయంటున్నారు. 20,000 రూపాయలు పెట్టి దీన్నే వ్యాపారంగా మొదలుపెట్టొచ్చా, ధర ఎలా వేయాలి, ఎక్కడ అమ్మాలి అని అడిగారు. ఎవరో కట్టి విడిచిన చీరలు ఇంట్లోకి తేవద్దని మీ అత్తగారు గొడవ చేస్తున్నారని కూడా రాశారు. ఆ చివరి మాట చదివి నవ్వొచ్చింది, మా ఇంట్లో సంగతే రాసినట్టుంది.

మాది రాజమండ్రి. 2015 పుష్కరాలు అయిన మరుసటి ఏడు మొదలుపెట్టాను. ఇప్పుడు ఇంటి వెనక రేకుల షెడ్డులో నాతో కలిపి నలుగురు ఆడవాళ్లం కుడతాం. పెద్ద వ్యాపారం ఏమీ కాదు, కానీ నలుగురికీ నెల నెలా జీతంలా వస్తోంది. మొదటి రెండేళ్లు మాత్రం అలా లేదు. నష్టంలో నడుస్తున్నానన్న సంగతి కూడా నాకు తెలియలేదు. ముందు అదే చెబుతాను.

అప్పట్లో పాత చీరలతో చేతిసంచులు కుట్టి ఒక్కోటి 150కి అమ్మేదాన్ని. చీర చుట్టాలిచ్చింది, ఊరికే వచ్చింది కదా, ఖర్చేముంది అనుకునేదాన్ని. ఒకరోజు మా అబ్బాయి లెక్కల నోటుపుస్తకంలో వెనక పేజీ తీసి రాసుకున్నాను. లైనింగు 35, లోపల గట్టిగా ఉండటానికి వేసే బుక్రం 20, జిప్పు, రన్నరు 15, పట్టీలు 20, దారం, కరెంటు కలిపి 10. అంటే వంద రూపాయలు చేతి నుంచి పోతున్నాయి. మిగిలేది 50. పని ఎంతసేపు? ఉతికి, ఆరేసి, ఇస్త్రీ చేసి, చీరలో పనికొచ్చే చోటు వెతకడానికి 40 నిమిషాలు, కత్తిరింపు 25, కుట్టడం గంటా పావు. మొత్తం 140 నిమిషాలు. గంటకి నాకు పడుతున్నది 21 రూపాయలు! అందులోంచి ఆటో ఛార్జీలు, ఎగ్జిబిషన్‌లో స్టాలు అద్దె పోవాలి. ఎదురింటి అమ్మాయి జాకెట్లకి హెమ్మింగు చేసి నాకంటే ఎక్కువ సంపాదిస్తోంది.

పాతదానితో చేసే పనిలో ఉన్న చిక్కు ఇదే. కొత్త తానైతే పరిచి ఒకేసారి ఇరవై సంచులకి కత్తిరించేయొచ్చు. పాత చీర ఏదీ ఇంకోదానిలా ఉండదు. ప్రతిదాన్నీ వెలుతురుకి పట్టి చూడాలి, ఎక్కడ పలచబడిందో, ఎక్కడ మరక ఉందో వేలితో తడిమి తెలుసుకోవాలి. సరుకు ఊరికే రావచ్చు గానీ దానిమీద పోయే టైము కొత్త బట్ట ఖరీదుని మించిపోతుంది. నా లెక్కలో గంటకి 60 చొప్పున కూలి, పాడైపోయే సరుకు, రవాణా, స్టాలు ఖర్చులకి 50 కలుపుకుంటే ఆ సంచి ధర 290. ఆ ధర చెబితే ఎవరూ కొనరేమో అని భయపడ్డాను. నిజమే, సగంమంది కొనలేదు. 150కి కొనేవాళ్లు వేరు, 290కి కొనేవాళ్లు వేరు. రెండో రకం వాళ్లు ఎగ్జిబిషన్‌లో బేరం కూడా పెద్దగా ఆడరు. ఏ చీర, ఎక్కడి నేత అని అడుగుతారు. వెంకటగిరి, ఉప్పాడ, గద్వాల అని చెప్పగలిగితే సంచి తీసుకుంటారు.

ఇక సరుకు గురించి. పాత బట్టలకి స్టీలు సామాన్లిచ్చే ఆడవాళ్లు మీ వీధిలోకీ వస్తుంటారు కదా. మొదట్లో వాళ్ల దగ్గర కట్టగా కొన్నాను. పదింటిలో రెండే పనికొచ్చాయి. ఇప్పుడు ఒకామెతో మాట్లాడుకున్నాను, నూలు చీరలూ నేత చీరలూ మాత్రం విడిగా తీసిపెడుతుంది, చీరకింత అని ఇస్తాను. టైలర్ల దగ్గర మిగిలే ముక్కలు అడిగితే ఇస్తారు, కాకపోతే మీరు సంచి పట్టుకెళ్లి వారం వారం తప్పకుండా తెచ్చుకోవాలి. రెండు వారాలు మానేస్తే చెత్తబండికి వేసేస్తారు. వాళ్ల తప్పేం లేదు, షాపులో చోటుండదు.

ఆ ముక్కల్లో నూలు, పాలిస్టరు కలిసిపోయి ఉంటాయి. చూస్తే తెలియదు. అంచునుంచి నాలుగు పోగులు లాగి అగ్గిపుల్ల పెట్టండి. నూలు కాగితం కాలిన వాసన వేసి బూడిదవుతుంది. పాలిస్టరు కరిగి గట్టి పూసలా ముద్దకడుతుంది. పట్టు జుట్టు కాలినట్టు కంపు కొడుతుంది. రెండు రకాలు కలిపి కుడితే ఉతికాక ఒకటి ముడుచుకుని ఇంకోటి ఉబ్బి, సంచి వంకర్లు పోతుంది.

రంగు కూడా ముందే చూసుకోవాలి. తెల్ల గుడ్డ తడిపి చీరమీద వేసి వేడి ఇస్త్రీపెట్టె అదమండి. గుడ్డకి రంగంటితే ఆ చీరని లైనింగుకి వాడొద్దు. ఎర్ర చీరల్ని అస్సలు నమ్మకండి. ఉప్పు నీళ్లలో నానబెడితే రంగు నిలుస్తుందని మా పిన్ని చెప్పింది, నేనూ చాలా చీరలు నానబెట్టాను, నాకైతే ఎప్పుడూ నిలవలేదు.

చీరలో ఏ చోటు బాగుంటుందో కూడా నెమ్మదిగా తెలుస్తుంది. కూర్చునే చోట, భుజంమీద పిన్ను పెట్టేచోట ముందు పోతుంది. లోపలి చుట్టు, కుచ్చిళ్లు గట్టిగా ఉంటాయి. కొంగు అందంగా ఉంటుంది కాబట్టి అందరూ కొంగుతో మొదలుపెడతారు, నేనూ అంతే. పాత జీన్స్ ప్యాంట్లతో కుట్టేటప్పుడు 16 లేదా 18 నంబరు సూది పెట్టుకోండి, నాలుగు మడతలు కలిసే చోట ముందు సుత్తితో కొట్టి అణచండి. నేను ఆ సంగతి తెలిసేలోపు ఎన్ని సూదులు విరగ్గొట్టానో లెక్కలేదు.

నాకు తగిలిన పెద్ద దెబ్బ పట్టు చీరలతో. ఒకావిడ కూతురి శ్రీమంతానికి రిటర్న్ గిఫ్టుగా 40 పొట్లీ బ్యాగులు అడిగారు. బీరువాలో ఏళ్ల తరబడి మడతపెట్టి ఉంచిన పట్టు చీరలు నా దగ్గర నాలుగున్నాయి. చూడటానికి ధగధగా మెరుస్తున్నాయి. కలరా ఉండల వాసన పోవడానికి మూడురోజులు గాలికి ఆరేసి కుట్టిచ్చాను. ఫంక్షన్ రోజు సాయంత్రమే ఫోను. లోపల కొబ్బరికాయ, పసుపు కుంకుమ పెట్టేసరికి పన్నెండు సంచులు నిలువునా చిరిగిపోయాయట. పట్టు మడత దగ్గర చివికిపోతుంది, జరీ ఉన్నచోట మరీ త్వరగా. పైకి ఏమీ తెలియదు. రెండు చేతులతో పట్టుకుని మడత దగ్గర లాగి చూస్తే పర్రున పోతుంది, అది నేను చేయలేదు. డబ్బు మొత్తం వెనక్కిచ్చాను. ఆవిడ తిట్టి ఉంటే బాగుండేది, ఏమీ అనకుండా తీసుకున్నారు. ఇప్పుడు పట్టు ఏదైనా సరే వెనక పలచటి నూలుగుడ్డ వేసి అడ్డంగా కుట్లు పడితేగానీ బయటికి పంపను.

ఇంతా చేసి, నన్ను నిలబెట్టింది సంచులు కాదండి. బొంత.

మా నాయనమ్మ పాత నూలు చీరలు ఐదారు ఒకదానిమీద ఒకటి పరిచి, పెద్ద సూదితో అంగుళానికో కుట్టు వేసుకుంటూ బొంత కుట్టేది. చలికాలం అందరం దానికోసం కొట్టుకునేవాళ్లం. ఈ పని నేర్చుకోవాలని నాకెప్పుడూ అనిపించలేదు, బొంత అంటే లేనివాళ్ల సామాను అనే చులకన. 2018లో ఒకాయన వచ్చి, అమ్మ పోయి ఏడాదైంది, ఆవిడ చీరలు ఎవరికీ ఇవ్వబుద్ధి కావట్లేదు, బీరువాలో ఉంచి ఏం చేసుకోవాలో తెలియట్లేదు, వీటితో ఏమైనా చేస్తారా అని ఎనిమిది చీరలు బల్లమీద పెట్టారు. బొంత చేద్దామన్నాను. నాయనమ్మతో కలిసి కుట్టిన మా మేనత్తని పిలిపించాను. పైపొరకి ఎనిమిది చీరల్లోంచీ తలో ముక్క, లోపల మెత్తటి నూలు చీరలు రెండు, అంచుకి ఆవిడ పెళ్లి చీర బోర్డరు. వస్తువు ఇచ్చేటప్పుడు ఆయన ధర అడగనే లేదు. అప్పుడు 2,800 తీసుకున్నాను, ఇద్దరం కలిసి 24 గంటలు పనిచేశాం, గంటకి వంద పైనే పడింది.

తర్వాత ఆయన చెల్లెలు వచ్చింది, తనకీ ఒకటి కావాలని. ఆమె అమెరికాలో ఉంటుంది. అక్కడినుంచి ఆమె స్నేహితులు. ఇప్పుడు మా పనిలో మూడొంతుల్లో రెండొంతులు ఇదే: ఎవరి బట్టలు వాళ్లవే, మేం కుట్టి ఇస్తాం అంతే. బొంతలు, దిండు గలీబులు, చంటిపిల్లల పొత్తిగుడ్డలు, నాన్న లుంగీలతో కూడా అడిగారు. విదేశాల వాళ్లు ఎండాకాలం సెలవులకీ డిసెంబరులోనూ వస్తారు, రాగానే చీరలిచ్చి వెళ్లేలోపు పట్టుకెళ్తారు. బరువు ముందే చెప్పాలి, విమానంలో 23 కేజీల పెట్టెలో ఊరగాయలతో పాటు ఇదీ పట్టాలి కదా. మాది మూడు కేజీలు దాటకుండా చూస్తాం.

మీకు నేను చెప్పేది ఇదేనండి. ఊళ్లో పాత బట్టలు పోగేసి వస్తువులు చేసి కొనేవాళ్లకోసం ఎదురుచూసే కంటే, మీ చీర తెండి, మీకు కావాల్సింది చేసిస్తాను అని మొదలుపెట్టండి. సరుకు కొనక్కర్లేదు, నిలవ ఉండదు, సగం డబ్బు అడ్వాన్సుగా వస్తుంది, ఎవరో విడిచిన బట్ట అన్న మాటే రాదు. ఒక్కటే జాగ్రత్త. కత్తెర పెట్టేముందు ప్రతి చీరకీ ఫోటో తీసి, ఎక్కడ కత్తిరిస్తున్నామో వాట్సాప్‌లో పంపి సరేననిపించుకోవాలి. మిగిలిన ముక్కలు చిన్న పీలికైనా సరే సంచిలో కట్టి తిరిగివ్వాలి. వాళ్ల అమ్మగారి చీర అది.

సీసాలమీద పెయింటింగు, పేపరు బుట్టలు మాత్రం సరదాకి చేసుకోండి. సీసాలు కొరియర్‌లో పగులుతాయి, పేపరు వానాకాలం మెత్తబడుతుంది, మా గోదావరి గట్టునైతే బూజు కూడా. 2022 జులై 1 నుంచి ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ వస్తువులు చాలావాటిని నిషేధించాక గుడ్డ సంచులకి గిరాకీ పెరిగిన మాట నిజమే. కానీ షాపులవాళ్లు అడిగేది పది, పదిహేను రూపాయల సంచి. ఆ ధరకి పాత చీర ఉతికి కుట్టలేం. ఒక ఆఫీసు వాళ్లకి 200 ఫైలు కవర్లు కుట్టిచ్చి డబ్బుకోసం ఐదునెలలు తిరిగాను, పేరు వద్దులెండి. అప్పటినుంచి అడ్వాన్సు లేకుండా పెద్ద ఆర్డరు ముట్టను.

మిషన్ ఎలాగూ ఉంది కాబట్టి మీ 20,000లో 6,000 మించి ఇప్పుడు తీయకండి. మంచి కత్తెర, ఆవిరి ఇస్త్రీపెట్టె, లైనింగు, దారాలు, జిప్పులు. మేం తాడితోట హోల్‌సేల్ బజారులో కొంటాం, మీరు మీ వరంగల్ హోల్‌సేల్ షాపుల్లో అడగండి. మిగతాది మొదటి ఆరునెలలు ఇంటి ఖర్చుల్లోంచి తీయకుండా ఉండటానికి దాచుకోండి. ముందు మీ ఇంట్లో చీరలతో మూడు నమూనాలు చేసి ఫోటోలు స్టేటస్‌లో పెట్టండి. హైదరాబాదులో శిల్పారామం లాంటి చోట స్టాలు దొరికితే ఒకసారి పెట్టి చూడొచ్చు, అమ్మకం కంటే ఆర్డర్ల కోసం. నాకు ఒక స్టాలులో చేతికి మిగిలింది 900, కానీ తర్వాత పదకొండు బొంతలొచ్చాయి.

కాగితాల పని తక్కువే. చిన్న వ్యాపారాలకి ప్రభుత్వం చేసే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఆధార్‌తో ఆన్‌లైన్‌లో పూర్తిగా ఉచితం, దానికి 2,000 అడిగే ఏజెంట్లుంటారు, ఇవ్వొద్దు. సొంత రాష్ట్రంలో అమ్ముకుంటూ ఏడాదికి 20 లక్షల లోపే ఉంటే జీఎస్టీ గురించి టెన్షన్ పడకండి. అప్పు కావాలంటే చిన్న వ్యాపారాలకి బ్యాంకులిచ్చే ముద్ర లోన్లలో శిశు అనే రకం కింద 50,000 వరకు ఉంది. చేతివృత్తుల వాళ్లకోసం 2023లో వచ్చిన పీఎం విశ్వకర్మ పథకంలో ఉన్న 18 వృత్తుల్లో దర్జీ పని కూడా ఒకటి. శిక్షణ రోజుల్లో రోజుకి 500, పనిముట్లకి 15,000, తర్వాత 5 శాతం వడ్డీకి మొదటి విడతగా లక్ష వరకు అప్పు. నా సలహా అడిగితే, ఆర్డర్లు రాకముందు అప్పు వద్దు.

ఇక మీ అత్తగారి విషయం. మా అత్తగారితో నేను వాదించి గెలిచింది లేదు. పాత బట్టలు గుమ్మం దాటి లోపలికి రావు, షెడ్డులోనే వేడినీళ్లలో సర్ఫు వేసి ఉతికి, ఎండలో ఆరాకే ముట్టుకుంటాం, శుక్రవారం సరుకు దింపం. అలా ఒప్పందానికొచ్చాం. కిందటేడు ఆవిడే బీరువా తీసి, ఎవరికీ చెప్పకుండా, మా మామగారి ఉత్తరీయాలు నాలుగు షెడ్డులో నా మిషన్ మీద పెట్టి వెళ్లారు. కలరా ఉండల వాసన పోయేదాకా ఆరేయమని మాత్రం రెండుసార్లు చెప్పారు.