"అప్" దగ్గర ఆగిపోయే అమ్మాయికి ఎడిటింగ్ పనికొస్తుందా?

ప్రశ్న: మా అమ్మాయి డిగ్రీ రెండో ఏడాది. ఎడిటర్ అవుతానంటుంది. ఇంగ్లిష్‌లో ఏది అడ్వర్బో ఏది ప్రిపోజిషనో చెప్పలేదు, శీర్షిక రాస్తే క్యాపిటల్ లెటర్స్ తప్పులే. "ఇదీ రాదా" అని రోజూ పోరుతున్నాను. గ్రామర్ క్లాసులో చేర్చాలా, ఆన్‌లైన్ కంటెంట్ రైటింగ్ కోర్సులోనా?

జవాబు: మీరడిగింది కోర్సు గురించే అయినా, మీ భయం "ఈ వయసులో ఇంకేం వస్తుంది" అని. వస్తుందండీ, నిశ్చింతగా ఉండండి. నిర్వచనాలు బట్టీపట్టిన పిల్లలందరూ తడబడేది ఇక్కడే. ఇంగ్లిష్‌లో మాట ఒకటే అయినా వాక్యంలో చేసే పనిని బట్టి దాని జాతి మారిపోతుంది. "ఎ వాక్ అప్ ద హిల్" అనే శీర్షికలో "అప్" తర్వాతి నామవాచకంతో జతకట్టిన ప్రిపోజిషన్. శీర్షికల్లో ముఖ్యమైన మాటలకే క్యాపిటల్, ఇలాంటి పొట్టి ప్రిపోజిషన్లకు చిన్నక్షరం. "నెవర్ గివ్ అప్ హోప్"లో అదే మాట క్రియకు అతుక్కుని అడ్వర్బ్ అయింది, కాబట్టి క్యాపిటల్. "ఇజ్" రెండక్షరాలదే అయినా క్రియ, దానికీ క్యాపిటలే. పొట్టి మాటలన్నీ చిన్నక్షరాలతోనే అనుకునేవాళ్లు ఎక్కువగా తప్పేది దీని దగ్గరే.

పైగా మీరు తప్పులంటున్నవన్నీ తప్పులేనా? "బిట్వీన్" శీర్షిక మధ్యలో వస్తే ఎంఎల్ఏ (సాహిత్య వ్యాసాలకు వాడే రచనా నియమాలు) పద్ధతిలో చిన్నక్షరం. మనస్తత్వశాస్త్రం లాంటి రంగాలవాళ్లు వాడే ఏపీఏ నియమాల్లో నాలుగక్షరాలు దాటనక్కర్లేదు, నాలుగున్నా చాలు, క్యాపిటలే. పుస్తక ప్రచురణలో వాడే నియమాల పుస్తకం షికాగో మాన్యువల్ చాలాకాలం చిన్నక్షరమే అని, 2024లో వచ్చిన 18వ ఎడిషన్‌లో అయిదక్షరాలు, అంతకు మించిన ప్రిపోజిషన్లకు క్యాపిటల్ పెట్టమంది. అంత పెద్ద పుస్తకమే మాట మార్చుకుంటే మీ అమ్మాయి తికమకపడటంలో వింతేముంది?

కంటెంట్ కోర్సుల మీద నాకు నమ్మకం తక్కువ. వాటిలో చాలామటుకు కీవర్డులూ, ఆకట్టుకునే హెడ్డింగులూ నేర్పుతారు, గ్రామర్ వచ్చనే అనుకుంటారు. శీర్షికకు క్యాపిటల్స్ పెట్టే టూల్స్ ఉచితంగానే దొరుకుతున్నాయి. మాటల జాబితా చూసి పనిచేసే టూల్ మాత్రం పైన చెప్పిన "అప్" దగ్గర బోల్తా పడుతుంది. దాన్ని పట్టుకోగల మనిషికే ఎడిటింగ్‌లో విలువ. సర్టిఫికెట్‌తోనే ఉద్యోగమన్న ప్రకటన కనిపిస్తే పేజీ మూసేయండి. గ్రామర్ క్లాసంటారా, విడి మాటలకు పేర్లు పెట్టించేదైతే అదీ దండగే.

తనకు నచ్చిన వ్యాసాల శీర్షికల్ని పూర్తిగా చిన్నక్షరాల్లో రాసుకుని, ఒక పద్ధతి ఎంచుకుని, క్యాపిటల్స్ తనే పెట్టమనండి. ప్రతి మాటకూ కారణం చెప్పాలి. కొన్ని నెలలు చాలు.

ఇక మీ సంగతి. "ఇదీ రాదా" అని రోజూ వినే పిల్ల అనుమానం వస్తే అడగదు, దాచుకుంటుంది. అడగడానికి జంకితే ఎడిటర్ పని సాగదు. ముందు ఆ మాట మానండి. ఫీజుల సంగతి తర్వాత చూద్దాం, అదీ అమ్మాయే వచ్చి నన్నడిగితే.