109వ కీర్తన చదివి శత్రువు మీద ప్రార్థన చేయవచ్చా?

"మీ శత్రువులను ప్రేమించుడి" అని బైబిలులో మత్తయి 5:44లో ఉంది, 109వ కీర్తనలోనేమో దావీదు శత్రువును అన్నేసి మాటలంటాడు, మరి మేం ఎట్లా ప్రార్థన చేయాలి అని కొందరు అడిగారు. మూడేళ్ల కింద ఇదే ప్రశ్నతో నాకూ నిద్రపట్టేది కాదు.

మాది పరకాల దగ్గర పల్లె. మా చిన్నాయన కొడుకుతో గెట్టు పంచాయితీ. దున్నిన ప్రతిసారీ ఒడ్డు ఓ జానెడు మా వైపు జరిగేది. ఓ ఏడు హద్దురాయే లేకుండా పోయింది. పెద్దమనుషుల్లో కూర్చుంటే నన్నే అబద్ధాలకోరు అన్నాడు. పొరుగువాని సరిహద్దు రాయిని తీసేసేవాడు శాపగ్రస్తుడని ద్వితీయోపదేశకాండము 27:17లో ఉంది. తెలిసినాయన ఒకరు అది చూపించి, 109వ కీర్తన నలభై రోజులు వాడి పేరు పెట్టి చదవమన్నారు. మొదలుపెట్టాను.

"వాని ఉద్యోగమును వేరొకడు తీసికొనును గాక" దాకా గట్టిగానే చదివాను. తర్వాతి వచనం, "వాని బిడ్డలు తండ్రిలేనివారవుదురు గాక". ఆ రోజు పొద్దున్నే వాడి చిన్నబిడ్డ మా వాకిట్లోకి వచ్చి "పెద్దబాపూ, చింతకాయ తెంపవా" అని అడిగి, రెండు కాయలు గౌనులో వేసుకుని పోయింది. పెద్దలకు మాటలు లేకున్నా ఆ పిల్ల రావడం మానలేదు. ఆ వచనం నా నోట రాలేదు. బైబిలు మూసేశాను.

తర్వాత చాలా రోజులు ఆ కీర్తననే మళ్లీ మళ్లీ చదివాను. అందులో దావీదు కోపమంతా దేవునితోనే చెప్పుకుంటాడు, శత్రువు మీదికి పోడు. అదే దావీదు, తనను చంపాలని వెంటాడుతున్న సౌలు రాజు ఏన్గెదీ గుహలో తన చేతికి దొరికితే, న్యాయం యెహోవా తీర్చాలి గాని నా చెయ్యి నీ మీద పడదు అన్నాడు (1 సమూయేలు 24). రోమా 12లో పౌలు కూడా పగతీర్చడం దేవుని పని అని చెప్పి, ఆ వెంటనే శత్రువు ఆకలిగొంటే భోజనం పెట్టమన్నాడు. పక్కపక్క వచనాలే అవి. ఆ రెండో మాట సామెతలు 25లోది. శత్రువు ఎద్దు తప్పిపోతే తోలుకొచ్చి అప్పగించాలని నిర్గమకాండము 23 చెబుతుంది. కాబట్టి పాత నిబంధన పగ, కొత్తది ప్రేమ అని విడగొడితే కుదరదు. ప్రకటన 6లో హతసాక్షులు, అంటే విశ్వాసం కోసం చంపబడినవాళ్లు కూడా మా రక్తానికి ఎప్పుడు న్యాయం తీరుస్తావని మొరపెడతారు.

కాథలిక్కులు 1971లో తెచ్చిన అనుదిన ప్రార్థనల పుస్తకంలో 58, 83, 109 కీర్తనలను పూర్తిగా వదిలేశారు. నాకది నచ్చదు. అన్యాయమైపోయినవాడికి దేవుని ముందు ఏడవడానికి ఆ మాటలు కావాలి. కానీ పేరు పెట్టి నలభై రోజులు చదవమనడం మాత్రం తప్పు. అట్లా చేస్తే చేతబడికీ దానికీ తేడా ఏముంది? మిమ్మల్ని కూడా ఎవరైనా అట్లా చేయమంటే దయచేసి చేయకండి.

ఆ యాసంగిలో వాడి బోరు మోటరు కాలిపోయింది. మక్కచేను కంకి మీదుంది. వాడు అడగలేదు. రెండు రాత్రులు కరెంటు రాగానే పోయి మా పైపు అటు మళ్లించాను. వాడి మీద ప్రేమ పుట్టి కాదు, చేతులు వణికేంత కోపం అప్పటికీ ఉంది. 35వ కీర్తనలో దావీదు తన శత్రువులు జబ్బుపడితే గోనెపట్ట కట్టుకుని ఉపవాసం ఉన్నానంటాడు, అది చదివి ఉన్నాను గనుక చేశాను. సర్వేకు దరఖాస్తు కూడా పెట్టాను, వెనక్కి తీసుకోలేదు. ప్రేమించమన్నారని నా భూమి వదులుకోవాల్సిన పని లేదు.

సర్వే ఇంకా కాలేదు. వాడు ఇప్పటికీ నాతో మాట్లాడడు. 109వ కీర్తన ఇప్పుడూ చదువుతాను, నా బాధంతా అందులో చెప్పుకుంటాను. తొమ్మిదో వచనం వచ్చేసరికి ఆగి, వాడి ఇద్దరు పిల్లల పేర్లు చెప్పి, వాళ్ల నాయినను సల్లగుంచమని అడిగి, అప్పుడు పదో వచనానికి పోతాను.