ఒపెరా కంపెనీకి ఆర్టిస్టిక్ డైరెక్టర్ కావాలంటే?

ప్రశ్న: మా అమ్మాయి బీఏ ఫైనలియర్. చిన్నప్పటి నుంచి కర్ణాటక సంగీతం నేర్చుకుంది. కాలేజీలో నాటకాలు తనే రాయించి, తనే వేయిస్తుంది. ఈమధ్య అమెరికాలో కొత్త తరహా ఒపెరాల వీడియోలు చూసి, అలాంటి కంపెనీకి ఆర్టిస్టిక్ డైరెక్టర్ అవుతాను, పైచదువుకు పంపండి అంటోంది. అసలు ఇది ఉద్యోగమేనా? లోన్ తీసుకుని పంపవచ్చా? మాకు చాలా టెన్షన్‌గా ఉంది.
– ఒక తండ్రి, హన్మకొండ

జవాబు: ఉద్యోగమేనండీ. జీతం, కాంట్రాక్టు, బోర్డుకు జవాబు చెప్పుకోవడం అన్నీ ఉంటాయి. కాకపోతే ఏ కోర్సు చదివినా నేరుగా ఆ కుర్చీ దక్కదు. అంతకుముందు చేసి చూపించిన పని చూసి పిలుస్తారు, లేదా సొంతంగా కంపెనీ పెట్టుకున్నవాళ్లు అందులో కూర్చుంటారు.

ఒపెరా అంటే మాటలు కూడా చాలావరకు పాటగానే సాగే పాశ్చాత్య సంగీత నాటకం. రాబోయే రెండు మూడేళ్లలో ఏ ఒపెరాలు వేయాలి, కొత్తది ఎవరిచేత రాయించాలి, దర్శకత్వం ఎవరికివ్వాలి, ఎవరు పాడాలి... ఇవన్నీ ఆర్టిస్టిక్ డైరెక్టర్ తేల్చాలి. పెద్ద సంస్థల్లో ఆర్కెస్ట్రా బాధ్యత మ్యూజిక్ డైరెక్టర్‌ది, డబ్బు, సిబ్బంది వ్యవహారం జనరల్ మేనేజర్‌ది. చిన్న కంపెనీలో మాత్రం చాలావరకు ఒక్కరి నెత్తినే పడుతుంది.

మీ అమ్మాయి చూసిన వీడియోల్లో లాస్ ఏంజెలెస్‌లోని 'ది ఇండస్ట్రీ' కంపెనీవి ఉండే ఉంటాయి. దాన్ని పెట్టిన యువల్ షారన్ దారి ఆమె తప్పక తెలుసుకోవాలి. ఆయన మొదట న్యూయార్క్ సిటీ ఒపెరాలో, కొత్త స్వరకర్తల రచనలను జనం ముందు పాడించి చూసే 'వాక్స్' కార్యక్రమాన్ని నడిపారు. తర్వాత లాస్ ఏంజెలెస్ ఒపెరాలో జర్మన్ స్వరకర్త వాగ్నర్ నాలుగు ఒపెరాల 'రింగ్'కు అసిస్టెంట్ డైరెక్టర్‌గా చేశారు. అంటే మరొకరి ఊహను అనుకున్నది అనుకున్నట్టు నిలబెట్టే పని. సొంత కంపెనీ తొలి ప్రదర్శన 2012లో గానీ రాలేదు.

2013లో ఆ కంపెనీ లాస్ ఏంజెలెస్ యూనియన్ స్టేషన్‌లో, అంటే రైళ్లు నడుస్తున్న అసలు స్టేషన్‌లోనే, ఒక ఒపెరా వేసింది. ప్రేక్షకులు వైర్‌లెస్ హెడ్‌ఫోన్స్ పెట్టుకుని తమకు నచ్చినట్టు తిరుగుతారు. గాయకులు ప్రయాణికుల మధ్యే ఉంటారు. ఆర్కెస్ట్రా ఎక్కడో లోపలి హాల్లో. పక్కన సూట్‌కేసు లాక్కుంటూ పోతున్న మనిషికి అక్కడ ఒపెరా నడుస్తోందనే తెలియదు. 2015లో ఇంకా ముందుకెళ్లి 24 కార్లలో కథ నడిపారు. కారుకు నలుగురు ప్రేక్షకులు, వాళ్ల పక్క సీట్లోనే గాయకులు. దానికి ఆరుగురు స్వరకర్తలు, ఆరుగురు రచయితలు పనిచేశారు. వీడియోలో మనకు కనిపించేది పాట. దాని వెనక పర్మిషన్లు, ఇన్సూరెన్సు, సౌండ్ సిగ్నల్, ఏ నిమిషానికి ఏ కారు ఎక్కడుండాలన్న షెడ్యూలు ఉన్నాయి. ఈ రెండో పని కూడా మీ అమ్మాయికి ఇష్టంగా అనిపిస్తే ఆమెకు ఈ రంగం నప్పుతుంది. పాట మాత్రమే ఇష్టమైతే గాయని కావడమే మంచిది.

ఇదే షారన్ 2020లో డెట్రాయిట్‌లోని పాత ఒపెరా సంస్థకు ఆర్టిస్టిక్ డైరెక్టర్ అయ్యారు. కోవిడ్‌తో హాళ్లు మూతపడిన ఆ ఏడాదే థియేటర్ పార్కింగ్ భవనంలో ప్రదర్శన పెట్టారు. జనం కార్లు దిగకుండా, కారు రేడియోలో సంగీతం వింటూ ఒక్కో అంతస్తు ఎక్కుతూ చూశారు. 'ది ఇండస్ట్రీ' అయితే 2021లో ఆ బాధ్యతను ఆష్ ఫ్యూర్, మాలిక్ గెయిన్స్, షారన్ ముగ్గురికీ కలిపి ఇచ్చింది. కుర్చీ ఒక్కరిదే కావాలని లేదు. నలుగురితో కలిసి నడిచే స్వభావం ఉన్న పిల్లలకు ఇది మంచి కబురు.

డబ్బు సంగతి దాచను. అమెరికాలో టికెట్ల మీద ఒపెరా బతకదు, దాతలు కావాలి. షారన్ పనిచేసిన ఆ న్యూయార్క్ సిటీ ఒపెరా 1943లో మొదలై, 2013లో దివాలా తీసింది. మంచి పేరున్న సంస్థకే ఆ గతి పట్టింది.

చదువుల్లో నాకు నచ్చిన దారి థియేటర్ మేనేజ్‌మెంట్. కొత్త ఒపెరాల నిర్మాణంలో పేరున్న బెత్ మారిసన్ గాయనిగా శిక్షణ పొంది, తర్వాత అమెరికాలోని యేల్ యూనివర్సిటీలో ఆ కోర్సు చేశారు. 2006లో సొంత సంస్థ పెట్టారు. ఆ సంస్థ తెచ్చిన రచనలకు 2017లో, 2019లో సంగీతానికిచ్చే పులిట్జర్ వచ్చింది. యేల్ డ్రామా స్కూల్లో 2021 నుంచి ట్యూషన్ ఫీజు లేదు. సీట్లు కొద్ది, పోటీ గట్టిది, అయినా అప్లై చేయాల్సిందే. దర్శకత్వమే కావాలంటే బెర్లిన్‌లోని హాన్స్ ఐస్లర్ సంగీత విద్యాలయంలో ఒపెరా దర్శకత్వానికే ప్రత్యేక కోర్సు ఉంది. జర్మనీలో ఒపెరా హౌస్‌లను ప్రభుత్వాలే పోషిస్తాయి కాబట్టి చిన్న ఊళ్లలో కూడా అసిస్టెంట్ పోస్టులుంటాయి. దానికి జర్మన్ బాగా రావాలి. ఇవాళే మొదలుపెట్టమనండి.

అయితే వెంటనే పంపవద్దు. ముందు రెండేళ్లు ఇక్కడ పని చేయనివ్వండి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో థియేటర్ ఆర్ట్స్ పీజీ ఉంది. 1885 నుంచి నడుస్తున్న సురభి నాటక సమాజాల తెర వెనక కొన్నాళ్లు ఉండగలిగితే, పద్యం, హార్మోనియం, సెట్టింగులు, ఇంటిల్లిపాదీ బతుకుతెరువు అన్నీ ఒకే కప్పు కింద ఎలా నడుస్తాయో కళ్లారా చూస్తుంది. పాశ్చాత్య స్టాఫ్ నొటేషన్, అంటే ఐదు గీతల మీద రాసే స్వరలిపి, చదవడం మాత్రం తప్పనిసరి. అలా రాసిన స్కోర్ చదవలేనివారి మాట ఒపెరా రిహార్సల్లో చెల్లదు. ఈ రెండేళ్లలో ఆమె సొంతంగా ఒక అరగంట సంగీత నాటకం వేయాలి. ప్రదర్శన వీడియోతో పాటు బడ్జెట్, రిహార్సల్ షెడ్యూలు, ఎవరికి ఎంత ఇచ్చారన్న లెక్క కూడా దాచమనండి. అప్లికేషన్‌తో పాటు చూపించడానికి అంతకంటే బలమైనది ఉండదు.

లోన్ విషయంలో నా మాట స్పష్టం. ఎమ్మెస్ చేసిన పిల్లలను చూసి లెక్క వేయకండి. చదువయ్యాక అమెరికాలో ఉద్యోగం చేసుకోవడానికిచ్చే అనుమతి ఓపీటీ సాంకేతిక కోర్సులకు మూడేళ్ల దాకా వస్తుంది, కళల కోర్సులకు ఏడాదే. ఆ ఏడాదిలో వచ్చే అసిస్టెంట్ జీతంతో ముప్పై నలభై లక్షల అప్పు తీరదు. ఫీజు మాఫీ లేదా స్కాలర్‌షిప్ వస్తేనే పంపండి. ఖర్చులకు తక్కువ పడితే అంతవరకే అప్పు చేయండి, ఇల్లు మాత్రం తాకట్టు పెట్టకండి. ఈ మాట అమ్మాయికి ముందే చెప్పండి, రెండేళ్లలో ఎక్కడెక్కడ అప్లై చేయాలో తనే జాబితా వేసుకుంటుంది.